రామెన్: ఆంగ్లంలో ఒక నూడుల్ పదం

రామెన్ అన్న మాట జపాను భాషలో ఒక వంటకానికి పేరు. గోధుమపిండిని క్షారజలంతో తడిపి చేసిన సన్నని పోగులను, ఎముకలు గాని ఎండుచేపలు గాని సముద్రపు నాచు గాని చాలాసేపు మరిగించి తీసిన చారులో వేసి, పైన మాంసపు ముక్కలు, ఉల్లికాడలు, ఉడికించిన గుడ్డు వంటివి అమర్చి పెద్ద గిన్నెలో వేడివేడిగా వడ్డిస్తారు. ఆంగ్లంలోనూ ఈ అర్థం ఉంది కాని, అక్కడ దానికంటే ముందు స్థిరపడినది మరొకటి: ముందే ఉడికించి, నూనెలో వేయించి, మసాలాపొడితో సహా పొట్లం కట్టి అమ్మే, వేడినీళ్లలో నిమిషాల మీద మెత్తబడే చౌక తిండి. సుషి, తోఫు వంటి జపాను తిండిమాటలు ఆంగ్లంలోకి ఒక్కసారి, ఒక్క వస్తువును వెంటబెట్టుకొని వెళ్లగా, రామెన్ మాత్రం రెండు దారుల్లో రెండుసార్లు వెళ్లింది. మొదట కిరాణా కొట్టు అల్మారా మీదికి, చాలా ఏళ్ల తరువాత భోజనశాల బల్ల మీదికి చేరింది. ఆంగ్లంలో ఈ పదం పొందిన అర్థచ్ఛాయలు, దాని చుట్టూ పుట్టిన సమాసాలు, పరిహాసాలు చాలావరకు ఈ రాకల క్రమం వల్ల ఏర్పడినవే.

వ్యుత్పత్తి

జపాను భాషకు ఇది స్వంత పదం కాదు. చైనా భాషలోని లామియెన్ దీనికి మూలమని పండితుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. అందులో ‘లా’ అంటే లాగడం, ‘మియెన్’ అంటే గోధుమపిండి, ఆ పిండితో చేసిన పోగులు కూడా. (తెలుగులోని ‘లాగు’ ధాతువుతో ఈ ‘లా’కు ధ్వనిలోనూ అర్థంలోనూ కనిపించే పోలిక కేవలం కాకతాళీయం.) పిండిముద్దను రెండు చేతులతో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, మడత మడతకూ పోగుల సంఖ్యను రెట్టింపు చేసుకుంటూ పోయే చైనా వాయవ్య ప్రాంతపు పనితనాన్ని ఈ పేరు చెబుతుంది. ఆ పనికి నేటికీ లాన్జౌ నగరం ప్రసిద్ధం. జపానులో చేసే రామెన్ పోగులు మాత్రం దాదాపుగా అన్నీ పిండిని పలుచగా ఒత్తి, యంత్రంతో కోసినవే కనుక, జపాను నేల మీద కాలు పెట్టేసరికే ఈ మాటలోని ‘లాగడం’ అన్న అంశం చచ్చిపోయిందని చెప్పాలి. పాతబడిన పిండిని సూచించే మరో చైనా పదం నుంచి గాని, చిక్కని రసంతో వడ్డించే పోగుల పేరు నుంచి గాని రామెన్ పుట్టిందనే వాదాలూ ఉన్నాయి. సప్పోరో నగరంలో 1922లో తెరిచిన తకెయా అనే భోజనశాలలో చైనా వంటవాడు వంట సిద్ధమైందని చెప్పడానికి వేసే కేకలోని ‘లా’ నుంచి వచ్చిందనే కథ కూడా ప్రచారంలో ఉంది. అది చెప్పుకోవడానికి బాగుండే కథే తప్ప వ్యుత్పత్తిగా నిలబడేది కాదు.

‘ల’ ‘ర’గా మారడానికి కారణం జపాను భాషలో ఈ రెండు ధ్వనులకూ భేదం లేకపోవడం. అన్యదేశ్యాలకు వాడే కతకన లిపిలో ఈ మాటను నాలుగు అక్షరచిహ్నాలతో రాస్తారు: ‘ర’, దాని దీర్ఘాన్ని తెలిపే గీత, ‘మె’, చివర ‘న్’. జపాను భాష మాటలను కొలిచేది అక్షరాలతో కాదు, మాత్రలతో. ఆ లెక్కన ఈ పదానికి నాలుగు మాత్రలు. తెలుగు ఛందస్సు తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ‘రా’ దీర్ఘం కనుక గురువు, ‘మెన్’ పొల్లుతో కూడినది కనుక మరో గురువు. వెరసి గగము, నాలుగు మాత్రలు. తెలుగు లిపిలో రాసిన రామెన్ జపాను ఉచ్చారణ కొలతను యథాతథంగా నిలుపుకోగా, ఆంగ్లం అలా నిలుపుకోలేదు. అమెరికన్ల నోట మొదటి అక్షరం మీద ఊనిక పడి, రెండో అక్షరంలోని ‘ఎ’ బలహీనపడి, తెలుగు చెవికి అది ఇంచుమించు ‘రామన్’ అని వినిపిస్తుంది. రోమన్ లిపిలో దీర్ఘాన్ని గుర్తించే అలవాటు ఆంగ్లానికి లేకపోవడంతో వర్ణక్రమంలోనూ కొంత ఊగిసలాట ఉంది. 1994లో ప్రారంభమైన షిన్-యొకొహామాలోని రామెన్ ప్రదర్శనశాల తన పేరును ఆంగ్లంలో నేటికీ ‘రౌమెన్’ అని చదువుకోదగినట్లు రాసుకుంటుంది.

జపానులో పాత పేర్లు

ఈ వంటకం జపానులో పుట్టినప్పుడు దాని పేరు రామెన్ కాదు. 1859లో యొకొహామా రేవు విదేశీ వర్తకానికి తెరుచుకున్న తరువాత అక్కడ స్థిరపడిన చైనీయుల వంటకాలను జపాను ప్రజలు మొదట నాన్కిన్ సోబా అని, ఆపైన షినా సోబా అని పిలిచారు. సోబా అంటే నిజానికి బక్‌వీట్ అనే వేరొక గింజ పిండితో చేసే పోగులు. చైనా పోగుల్లో ఆ గింజ లేశమైనా లేకపోయినా, తెలియని వస్తువుకు తెలిసిన పేరు అంటించడం భాషలన్నిటికీ ఉన్న అలవాటే. 1910లో టోక్యోలోని అసకుసా పేటలో ఒజాకి కాన్ఇచి అనే మాజీ సుంకాల ఉద్యోగి యొకొహామా నుంచి చైనా వంటవాళ్లను తెచ్చి తెరిచిన రైరైకెన్, ఈ వంటకాన్ని సామాన్యులకు అలవాటు చేసిన తొలి భోజనశాలల్లో ముఖ్యమైనది.

షినా అన్న పేరుకు మూలం సంస్కృతంలోని ‘చీన’ శబ్దం. బౌద్ధ గ్రంథాల అనువాదాల ద్వారా చైనాకు చేరి, అక్కడి లిపిలో రాసిన ఆ రూపమే జపానుకూ పాకింది. తెలుగులో చీనాంబరంలోని చీనా కూడా ఈ కుటుంబానిదే. అయితే జపాను సైన్యాలు చైనాను ఆక్రమించిన కాలంలో షినా అన్న మాటకు తిరస్కారధ్వని అంటుకోవడంతో, రెండో ప్రపంచయుద్ధం తరువాత దాన్ని విడిచిపెట్టి చూకా సోబా అన్న పేరు తెచ్చారు. అప్పటికి రామెన్ అన్న పేరు అక్కడక్కడ మాత్రమే వినిపించేది. దాన్ని దేశమంతటా నాలుకల మీదికి తెచ్చినది వంటశాల కాదు, కర్మాగారం.

తైవాన్‌లో 1910లో పుట్టి జపానులో వ్యాపారిగా స్థిరపడిన మొమొఫుకు ఆండో, ఒసాకా దగ్గరి ఇకెడా పట్టణంలో తన ఇంటి పెరట్లోని చిన్న పాకలో ప్రయోగాలు చేసి, 1958 ఆగస్టు 25న చికెన్ రామెన్ పేరుతో ప్రపంచంలో తొలి తక్షణ నూడుల్స్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఉడికించిన పోగులను నూనెలో వేయించినప్పుడు వాటిలోని నీరు ఆవిరై పోతూ సూక్ష్మరంధ్రాలను మిగులుస్తుంది. తరువాత వేడినీరు ఆ రంధ్రాల్లోకే చొరబడి పోగును మళ్లీ మెత్తబరుస్తుంది. ఇదే ఆ పద్ధతి రహస్యం. ఆ పొట్లం ధర 35 యెన్లు, అంటే ఉడాన్ అనే లావు గోధుమ పోగులు ఆనాడు తాజాగా దొరికే ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తరువాత ప్రపంచమంతటా పేదల తిండికి సంకేతమైన వస్తువు మొదట ఖరీదైన వింతగా బయలుదేరిందన్న సంగతి సాధారణంగా మరుగున పడిపోతుంది. ఈ పరిశ్రమకు ముడిసరుకు దొరకడం వెనుక యుద్ధానంతరపు అమెరికా గోధుమ ఉంది. ఆహార కొరతలో ఉన్న జపానుకు ఆక్రమణ ప్రభుత్వం దించిన గోధుమలు, ఆపైన 1954 నాటి పబ్లిక్ లా 480 కింద వచ్చినవి అక్కడి తిండి అలవాట్లను మార్చాయని జార్జ్ సోల్ట్ 2014లో ప్రచురించిన రామెన్ చరిత్ర గ్రంథంలో వివరించాడు. పి.ఎల్. 480 గోధుమలంటే తెలుగునాట ఒక తరానికి రేషను వరుసలు గుర్తుకొస్తాయి. అదే చట్టం జపానులో రామెన్ గిన్నెకూ సాయపడింది.

ఆంగ్లంలో తొలి రాక

ఆండో సంస్థ అయిన నిస్సిన్ 1970లో కాలిఫోర్నియాలో శాఖ తెరిచి టాప్ రామెన్ పేరుతో పొట్లాలు అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు జపాను వంటలను గురించిన రాతల్లో ఈ మాట అడపాదడపా కనిపించినా, సామాన్య అమెరికన్‌కు అది పరిచయమైనది ఈ పొట్లం మీదే. హవాయి దీవుల్లో మాత్రం చెరకు తోటల్లో కలిసి పనిచేసిన చైనా, జపాను, ఫిలిప్పీన్ కూలీల మధ్య రూపుదిద్దుకున్న సైమిన్ అనే పోగుల చారు అప్పటికే ఉంది. అక్కడి ఆంగ్లంలో ఆ మాటే చెలామణీ అయ్యేది. ఖండ భూభాగంలో అలాంటి పోటీ పదం లేదు. 1977లో మరుచాన్ సంస్థ కూడా కాలిఫోర్నియాలో కర్మాగారం పెట్టి, ‘రామెన్ నూడుల్ సూప్’ అని పొట్లం మీద అచ్చువేసి అమ్మడంతో ఈ పేరు ఏ ఒక్క సంస్థ సొత్తూ కాకుండా సరుకు పేరుగా నిలిచిపోయింది. చిత్రమేమంటే, 1971లో జపానులోనూ 1973లో అమెరికాలోనూ వచ్చిన కప్పు నూడుల్స్ పేరులో రామెన్ అన్న మాటే లేదు. అయినా ఆంగ్లం దాన్నీ ఈ పేరు కిందికే చేర్చుకుంది.

భాషాశాస్త్రంలో ఏ విశేషణమూ లేకుండా వాడినప్పుడు స్ఫురించే అర్థాన్ని గుర్తు లేని అర్థమని, విశేషణం తగిలిస్తే తప్ప స్ఫురించనిదాన్ని గుర్తు గల అర్థమని అనవచ్చు. జపానులో ఒట్టి రామెన్ అంటే అంగడి గిన్నె; పొట్లం కావాలంటే ‘ఇన్‌స్టంట్’ అన్న విశేషణం తగిలించాలి. అమెరికన్ ఆంగ్లంలో ఇది తలకిందులైంది. అక్కడ కొన్ని దశాబ్దాల పాటు ఒట్టి రామెన్ అంటే పొట్లమే. గిన్నె వచ్చినప్పుడు దానికి ‘అసలైన’, ‘సంప్రదాయ’ వంటి విశేషణాలు అతికించవలసి వచ్చింది. మూలానికే గుర్తు తగిలించవలసి రావడం అన్యదేశ్యాల చరిత్రలో తరచుగా కనిపించే సంగతి కాదు.

పొట్లపు అర్థం చుట్టూ ఆంగ్లంలో ఒక చిన్న పలుకుబడి ప్రపంచమే పుట్టింది. అక్కడ వసతిగృహాల్లో ఉండే కళాశాల విద్యార్థి పేదరికానికి రామెన్ మారుపేరు. ‘రామెన్ తిని బతుకుతున్నాడు’ అంటే చేతిలో చిల్లర లేదని. మన పచ్చడి మెతుకులకు ఉన్న ధ్వని ఇందులో కొంత ఉంది, గంజినీళ్లకు ఉన్న దైన్యం మాత్రం లేదు, ఎందుకంటే ఈ పేదరికం తాత్కాలికమైనదని, చదువు పూర్తయ్యేదాకానే అని ఆ వాడుకలో ఒక భరోసా దాగి ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లిన తెలుగు విద్యార్థులకూ ఈ పలుకుబడి పరిచితమే. కొత్త సాంకేతిక సంస్థలకు పెట్టుబడి పెట్టే పాల్ గ్రాహమ్ 2009లో ఒక వ్యాసంలో వివరించిన ‘రామెన్ ప్రాఫిటబుల్’ అన్న పదబంధం ఈ ధ్వని మీదే నిలిచింది: స్థాపకుల కనీస జీవన వ్యయానికి సరిపడేంత ఆదాయం సంస్థకు వచ్చే దశకు ఆ పేరు. అది ఇప్పుడు ఆ రంగంలో పరిహాసం ఛాయ కూడా పోయిన పారిభాషిక పదం. కారాగారాల్లో ఈ మాటకు భరోసా లేని మరో బతుకు ఉంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన మైకేల్ గిబ్సన్-లైట్ 2016లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, తాను పరిశీలించిన చెరసాలలో రామెన్ పొట్లాలు పొగాకును వెనక్కి నెట్టి ఖైదీల మధ్య నాణెంగా చెలామణీ అయ్యాయి. పెట్టే భోజనం తగ్గిపోవడమే ఇందుకు కారణమని ఆయన తేల్చాడు.

పరిహాసాల్లో ప్రస్తావించదగినది మరొకటి. 2005లో బాబీ హెండర్సన్ అనే అమెరికన్, పాఠశాలల్లో సృష్టివాద బోధన మీద వ్యంగ్యంగా ఎగిరే స్పగెట్టీ భూతాన్ని దేవుడిగా కల్పించాడు. ఆ ఉత్తుత్తి మతంలో ప్రార్థన ముగింపున క్రైస్తవుల ‘ఆమెన్’కు బదులు ‘రామెన్’ అంటారు. ఇటలీ పోగుల దేవుడికి జపాను పోగుల పేరుతో స్వస్తి చెప్పడం ఆంగ్లంలోనే సాధ్యమైన శ్లేష.

రెండో రాక

జుజో ఇతామి 1985లో తీసిన టంపోపో చలనచిత్రం, ఒక వితంతువు తన చిన్న రామెన్ అంగడిని మేటి అంగడిగా మలచుకొనే కథతో, పాశ్చాత్య ప్రేక్షకులకు రామెన్ అంటే ఒక విద్య అని తొలిసారి చూపింది. నాలుకకు ఆ రుచి తగలడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 2004లో డేవిడ్ చాంగ్ న్యూయార్క్‌లో తెరిచిన నూడుల్ అంగడికి మొమొఫుకు అని పేరు పెట్టాడు. ఆండో పేరుతో ఆ పేరు కలవడం పాఠకులకు తట్టక మానదు. 2008లో ఫుకువోకాకు చెందిన ‘ఇప్పుడో’ అనే రామెన్ సంస్థ కూడా న్యూయార్క్‌లో శాఖ తెరిచింది. 2013లో బ్రూక్లిన్ సంతలో, రొట్టెకు బదులు రామెన్ పోగుల బిళ్లలతో చేసిన రామెన్ బర్గర్ వచ్చింది. టోక్యోలోని త్సుతా అనే చిన్న అంగడికి 2015 చివర మిషెలిన్ నక్షత్రం దక్కడంతో, పొట్లం వల్ల పోయిన గౌరవం ఈ పదానికి తిరిగి వచ్చినట్టయింది.

తెలుగు భాషాచరిత్రకారులు అర్థవిపరిణామాన్ని చెప్పేటప్పుడు, ఒకప్పుడు సువాసన అన్న అర్థం ఉన్న ‘కంపు’ దుర్వాసనగా దిగజారడాన్ని అర్థగ్రామ్యతకు, జూదరి అన్న అర్థం ఉన్న ‘సభికుడు’ సభలో కూర్చునే పెద్దమనిషిగా ఎదగడాన్ని అర్థసౌమ్యతకు ఉదాహరణలుగా చూపుతారు. ఈ రెండూ వేర్వేరు పదాలకు, వేర్వేరు కాలాల్లో జరిగినవి. ఆంగ్లంలో రామెన్‌కు ఈ రెండూ యాభై ఏళ్లలోపే జరిగాయి, అదీ రెండోది మొదటిదాన్ని తుడిచిపెట్టకుండా. ఒకే వాక్యంలో ఒక రామెన్ డాలరుకు తక్కువదిగా, మరొకటి ఇరవై డాలర్లదిగా కనిపించినా ఆంగ్ల పాఠకుడికి తికమక కలగదు, సందర్భం చూసుకొని సర్దుకుంటాడు.

నిఘంటువులకే ఇది ఇబ్బంది. అమెరికన్ నిఘంటువుల్లో పేరున్న మెరియమ్-వెబ్‌స్టర్ రామెన్‌ను త్వరగా ఉడికే గుడ్డు నూడుల్స్ అని, మాంసం, కూరగాయల ముక్కలతో చారులో వడ్డిస్తారని చెప్పి, పొట్లాన్నీ గిన్నెనూ ఒకే నిర్వచనంలో ఇమిడ్చింది. జపాను వంటవాడికి ఇందులో మరో అభ్యంతరం కూడా ఉంటుంది. రామెన్ పోగుల పసుపుపచ్చ రంగుకు సాధారణంగా కారణం గుడ్డు కాదు, కాన్సుయి అనే క్షారజలం. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ కలిసిన ఆ నీరు గోధుమపిండిలో సహజంగా ఉండే వర్ణద్రవ్యాలను పచ్చబరుస్తుంది, పిండిలోని జిగురును బిగించి పోగుకు సాగే గుణం ఇస్తుంది. ఉడాన్‌కు, రామెన్‌కు అసలు భేదం ఇక్కడే ఉంది.

వ్యాకరణం, సమాసాలు

ఆంగ్లంలో రామెన్ లెక్కించలేని నామవాచకం. అన్నం, పిండి వంటి పదాల్లాగా దానికి బహువచనం అరుదు. ‘నూడుల్స్’ సాధారణంగా బహువచనంలో నడవగా (ఆ మాట కూడా ఆంగ్లానికి స్వంతం కాదు, పద్దెనిమిదో శతాబ్దిలో జర్మన్ నుంచి తెచ్చుకున్నది), రామెన్ ఏకవచనంలోనే ఉండిపోతుంది. భోజనశాలల ప్రభావంతో ఇటీవల ‘ఒక రామెన్’ అని గిన్నెల లెక్కన అడగడం వాడుకలోకి వస్తున్నది. ‘రామెన్ నూడుల్స్’ అన్న సమాసం పునరుక్తి. ‘మెన్’ అంటేనే పోగులు కనుక, పోగుల పోగులు అన్నట్లుంటుంది. దీన్ని తప్పుపట్టేవారు ఆంగ్లంలో ఉన్నారు గాని, పోర్చుగీసులో రొట్టె అని అర్థమిచ్చే మాటకు మళ్లీ రొట్టె చేర్చి పావురొట్టె అనుకున్న తెలుగువారికి ఇది వింతగా తోచదు. అరువు తెచ్చుకున్న మాట అర్థం పోల్చుకోలేని చోట, దాని పక్కన తెలిసిన మాటను నిలబెట్టడం సహజం. జపాను వంటల పరిచయం పెరిగిన కొద్దీ ‘మెన్’ను విడదీసి గుర్తించే ఆంగ్ల పాఠకులు కూడా తయారవుతున్నారు, పోగులను చారులో ముంచుకొని తినే త్సుకెమెన్, చారు లేకుండా కలుపుకొనే మజెమెన్ వంటి పేర్లు వారికోసమే ఆంగ్ల భోజనపట్టికల్లోకి ఎక్కాయి.

సోదర పదాలు

యాత్ర, జాతర రెండూ ఒకే మూలం నుంచి వచ్చి తెలుగులో వేర్వేరు పనులు చేసుకుంటున్నట్లే, చైనా ‘మియెన్’ కూడా ఆంగ్లంలో అరడజను వేషాల్లో తిరుగుతున్నది. కాంటన్ ప్రాంతపు వలసదారులు మోసుకెళ్లిన చౌ మెయిన్, లో మెయిన్‌లలో అది ‘మెయిన్’. హొక్కియెన్ మాండలికం ద్వారా మలేసియా, సింగపూరు ఆంగ్లంలోకి వచ్చి అక్కడి తెలుగువారికీ రోజువారీ మాటైన ‘మీ’. ఇండోనేసియాలో ‘మీ గొరెంగ్’, నైజీరియా దాకా పాకిన ఇండోమీ. కొరియా భాషలో ‘మియన్’. ఆంగ్లం మాట్లాడేవారిలో చాలామందికి ఇవన్నీ ఒకే మాటని తెలియదు.

వీటిలో రామెన్‌కు మరీ దగ్గరిది కొరియా వారి రామ్యన్. జపాను సహకారంతో 1963లో సామ్యాంగ్ సంస్థ అక్కడ తక్షణ నూడుల్స్ తయారు చేయడంతో ఈ మాట దేశమంతటా నిలదొక్కుకుంది కనుక, కొరియాలో రామ్యన్ అంటే పొట్లమే. జపాను గిన్నెను వారు వేరుగా రామెన్ అంటారు. కొరియా చిత్రాల ఆదరణతో రామ్యన్ కూడా ఆంగ్లంలో ప్రవేశిస్తున్నది గాని, 2019లో పారసైట్ చిత్రానికి ఆంగ్ల ఉపశీర్షికలు రాసిన డార్సీ పాకెట్‌కు ఒక చిక్కు ఎదురైంది. రెండు రకాల పొట్లాలు కలిపి వండే జ్జపగురి అన్న వంటకానికి ఆంగ్లంలో పేరు లేదు. ఆయన రామెన్, ఉడాన్ పదాలను అతికి ‘రామ్-డాన్’ అని సృష్టించాడు. కొరియా వంటను చెప్పడానికి రెండు జపాను మాటలు అవసరమయ్యాయంటే, అప్పటికి ఆ మాటలు ఆంగ్లానికి ఎంత సొంతమైపోయాయో తెలుస్తుంది.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ 1970ల చివర పాట్ నూడుల్ అనే దేశీయ సరుకు పొట్లపు స్థానాన్ని ముందే ఆక్రమించింది కనుక, 1992లో లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో అలన్ యావ్ తెరిచిన వాగమామా వంటి భోజనశాలల ద్వారా వచ్చిన రామెన్‌కు మొదటి నుంచీ గిన్నె అర్థమే ప్రధానమైంది. భారతదేశంలో మాగీ అన్న వ్యాపారనామమే 1980ల నుంచి జాతివాచకంగా స్థిరపడి ఉండగా, 1990ల తొలినాళ్లలో వచ్చిన టాప్ రామెన్‌లోని రెండో మాటను కొన్నవారెవరూ విడదీసి చూడలేదు. తెలుగునాట అది ఒక పొట్లం పేరులో సగభాగంగానే చాలాకాలం ఉండిపోయింది, మహానగరాల్లో జపాను భోజనశాలలు వచ్చాకే గిన్నె అర్థం వినబడుతున్నది.

చైనాలో లామియెన్ అన్న మాట లాన్జౌ పోగులకు యథాప్రకారం వాడుకలో ఉండగా, జపాను నుంచి రామెన్ అంగళ్లు షాంఘై, బీజింగ్ వంటి నగరాలకు తిరిగివచ్చాయి. ఆ అంగళ్ల పలకల మీద రాసే లిపిచిహ్నాలు పాతవే, ఉచ్చారణ కూడా లామియెన్ అనే. స్థానిక పోగులతో కలగలిసిపోకుండా ముందు ‘జపాను పద్ధతి’ అని అర్థమిచ్చే రెండు అక్షరాలు చేర్చుతారు.